మా రత్నరాజు అన్న ‘మాఫీ’

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ, అబుదాబి
ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక

ప్రభువు రెక్కల నీడలో ఉన్న మా పెద్దక్క మార్తమ్మకు, సముద్రం ఇవతలి నుంచి తమ్ముడు దేవసహాయం రెండు చేతులూ జోడించి పెట్టే వందనాలు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పంపిన నూనె రాసుకుంటున్నావా, లేక బీరువాలో దాచావా? దాచే ఉంటావు, నాకు తెలుసు. బావగారికి ఆయాసం తగ్గిందా? చలికి మంకీ టోపీ పెట్టుకోమని నా మాటగా చెప్పు. ఇక్కడ నేనూ, అబ్బాయి రత్నరాజూ, కోడలు సువార్తా క్షేమం. చాలా క్షేమం అక్కా. ఉత్తరాల్లో అందరూ రాసేదే కదా అనుకోకు. ఈ వారం నిజంగా నా గుండె ఛాతీలో పట్టడం లేదు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నీకు వినపడాలంటే నేను అరవాలి, అరిస్తే పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు కొడతారు. పైగా ఇది ఫోనులో తెమిలే సంగతి కాదు. కోడలితో ఆసుపత్రిలో పనిచేసే సిస్టరమ్మ ఒకామె సెలవు మీద భీమవరం వస్తోంది, ఆమె చేతికి ఇస్తున్నాను. పాస్టరుగారి అమ్మాయి చేత నిదానంగా చదివించుకో. నా చదువు ఐదో తరగతి అని నీకు తెలుసు, తప్పులుంటే ఆ పిల్లను దిద్దుకోమను.

ముందు ఇక్కడి సంగతులు. నేను వచ్చి ఏడు వారాలైంది. ఆరో అంతస్తులో ఉంటున్నాం. కిటికీలోంచి చూస్తే ఎదుట ఇంకో ఆరో అంతస్తు. కోడలు డ్యూటీకి పోతే, అబ్బాయి వారానికి ఐదు రోజులు ఎడారిలో ఉంటే, నేనూ ఫ్రిజ్జూ మిగులుతాం. మొదట్లో లిఫ్టు ఎక్కాలంటే భయం వేసి మెట్లు దిగేవాడిని. ఇప్పుడు నేనే నొక్కుతున్నాను. తిండికి లోటు లేదు, కానీ చేపల్లో మన కొల్లేటి రుచి లేదు. ఎవరైనా వస్తుంటే ఎండు రొయ్యలు గట్టిగా మూట కట్టి పంపు, వాసన బయటికి రాకూడదు. కోడలు గోంగూర పచ్చడి అడిగింది. బంగారం లాంటి పిల్ల అక్కా. పన్నెండు గంటలు నిలబడి వచ్చి కూడా, “మాంగారూ, భోంచేశారా?” అని అడిగాకే చెప్పులు విప్పుతుంది.

ఇక అబ్బాయి సంగతి. దుబాయ్‌లో డ్రైవరు అని ఊళ్ళో అంటున్నారు కదా. ఇక్కడికొచ్చి చూస్తే గానీ వాడి పని ఏమిటో నాకూ తెలియలేదు. అబుదాబికి పడమటగా, గంటల తరబడి పోతే ఇసుక తప్ప ఏమీ లేని చోట ఒక వేట మైదానం ఉంది. తుపాకులు ఉండవు. డేగను చేతి మీద పెట్టుకొచ్చి, దాన్ని వదిలి హుబారా అనే పిట్టను పట్టిస్తారు. హుబారా మన నాటు పుంజంత ఉంటుంది, ఒళ్ళంతా ఇసుక రంగు. పక్కనే కూర్చున్నా కనపడదు. సర్కారు అనుమతి ఉన్న ఆ చోటనే, చలికాలంలోనే, లెక్కగా ఇన్నే పట్టాలి. ఆ పిట్టల్ని పెంచి వదులుతారు. వాటికి నీళ్ళూ మేతా తీసుకుపోయే బండిని ఐదేళ్ళుగా తోలుతున్నది మన రత్నరాజు.

ఈ చలికాలం మొదట్లో అక్కడి గైడు మానేశాడు. గైడు అంటే వేటకు వచ్చిన పెద్దవాళ్ళకు దారి చూపేవాడు. పిట్ట ఎక్కడుందో కనిపెట్టి అక్కడికి తీసుకుపోవాలి. ఆ మైదానం ముదీర్, అంటే మేనేజరు, మనవాణ్ణి పిలిచి, “రతన్, నీకు జాగా తెలుసు, నువ్వు చెయ్యి. మూడు రోజుల వేటకు పెద్ద అతిథి వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటే నీకు గైడు వీసా రాయిస్తా. ఫిర్యాదు చేస్తే ఖలాస్” అన్నాడట. వాడి వీసా ఈ నెలాఖరుకు అయిపోతుంది. ఖలాస్ అంటే టికెట్టు కొని ఇంటికి పంపేయడమే. నేను వాడి వీసా మీదే ఉన్నాను గనుక నా మూటా కట్టాల్సిందే. కోడలు ఒక్కతే ఇక్కడ, మేమిద్దరం అక్కడ.

ఆ మాట వాడు నాకు చెప్పలేదు. కోడలు చెప్పింది. వాడు చెబుతాడా? నువ్వు వాణ్ణి బెల్లం కొట్టిన రాయి అని ఎందుకన్నావో నాకు తెలియదా? పెళ్ళిచూపులకు తీసుకుపోతే పిల్ల మేనమామ, “అబ్బాయికి నోరుందా?” అని అడిగాడు, గుర్తుందా? గైడు అంటే నాలుగు మాటలు చెప్పి పెద్దవాళ్ళను మురిపించాలి గదా, వీడి వల్ల ఏమవుతుందిరా ప్రభువా అని నేను మూడు రాత్రులు నిద్రపోలేదు. నేనూ వస్తాను అన్నాను. “ఏం చేస్తావ్ నాన్నా అక్కడ?” అన్నాడు. “ప్రార్థన చేసుకుంటా” అన్నాను. కోడలికి వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి, నన్ను ఒంటరిగా వదలలేక తీసుకుపోయాడు.

అతిథి పేరు అబూ హమద్. నా ఈడువాడే ఉంటాడు. తెల్లగడ్డం, ఎండకు కాలిన ముఖం, పాత చెప్పులు. అంత పెద్ద మనిషి అంత పాత చెప్పులు వేసుకోవడం నాకు ఆశ్చర్యం. ఇద్దరు కొడుకులు, రెండు బళ్ళు, ఒకే ఒక్క డేగ. ఆ డేగను ‘సహాబ్’ అని పిలుస్తుంటే, వీళ్ళు పిట్టను కూడా సాహెబు అంటారా అనుకున్నాను. కాదట, మబ్బు అని అర్థమట. తలకు చిన్న తోలు టోపీ తొడిగి, కళ్ళు మూసి, రాణిలాగా మోసుకొస్తారు.

నేను టీ గుడారం పక్కన ముడుచుకుని కూర్చుంటే ఆయన చూశాడు. ఇక్కడి ముసలివాళ్ళకు హిందీ బాగా వచ్చు. “యే కౌన్ హై?” అని మనవాణ్ణి అడిగాడు. “నా తండ్రి” అని వాడు చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడక్కా! నా కోసం! నా చెయ్యి పట్టుకుని, “బాబా, మీరు నా బండిలో కూర్చోవాలి” అన్నాడు. ముదీర్ ముఖం మాడ్చుకున్నాడు గానీ ఏమీ అనలేక తన బండిలో వెనకాల వచ్చాడు. ముందు సీట్లో అబ్బాయి పక్కన ఆయన, డేగతో. వెనక సీట్లో నేను, చేతిలో చిన్న కొత్త నిబంధన.

ఇక విను. నేను చేసిన వెర్రిపని ఇక్కడే వస్తుంది.

పొద్దున్నే మంచు, చలి. మన పుష్యమాసం చలి దీని ముందు ఎందుకూ పనికిరాదు. ముదీర్ వైర్‌లెస్‌లో మొదటి చోటు చెప్పాడు. అబ్బాయి బండి దూరంగానే ఆపి, దిగి, ఇసుక మీద గొంతుక్కూర్చుని చూశాడు. లేచి వచ్చి అబూ హమద్‌తో ఒకే మాట అన్నాడు: “మాఫీ.”

ఏం తప్పు చేశాడని క్షమాపణ అడుగుతున్నాడు?

రెండో చోటుకు పోయాం. మళ్ళీ దిగాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ వచ్చి, “మాఫీ.” ఈసారి వైర్‌లెస్‌లో ముదీర్ అరుపులు. “రతన్! ఫీ బోలో! ఫీ, ఫీ!” వీడు నెమ్మదిగా, “ముదీర్, మాఫీ” అంటాడు. ఆయన ‘ఫీ’ అంటాడు, వీడు ‘మాఫీ’ అంటాడు. నాకు అర్థమైందేమిటో చెప్పనా? వేటకు ఫీజు ఏదో కట్టాలి కాబోలు, వీడు కట్టలేక ఫీజు మాఫీ చెయ్యమని బతిమాలుతున్నాడు అనుకున్నాను! మనకు తెలిసిన మాఫీ అదే గదా అక్కా. రుణమాఫీ, ఫీజు మాఫీ. లేదంటే మన చేపల లారీ డ్రైవర్లు గుద్దేశాక అనే మాఫీ. నా హిందీ అంతా వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

మూడో చోట కూడా “మాఫీ” అనేసరికి అబూ హమద్ వీడి ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. ఖలాస్ అన్న మాట చెవిలో మోగింది. ఇక ఆగలేకపోయాను. బండి దిగి, ఆయన వైపు పోయి, చేతులు జోడించి, కాళ్ళ దాకా వంగాను.

“సాబ్, మాఫ్ కరో సాబ్. బచ్చా హై. పొద్దుట్నుంచి మాఫీ అడుగుతున్నాడు. ఏం గల్తీ చేశాడో నాకు మాలూమ్ నహీ. బాప్ కూడా మాఫీ అడుగుతున్నాడు. ఫీజు మేం ఎట్టాగో కట్టుకుంటాం సాబ్.”

నలభై ఒక్క ఏళ్ళవాణ్ణి బచ్చా అన్నాను చూడు! అబ్బాయి పరుగెత్తుకొచ్చి నన్ను భుజాలు పట్టి లేపాడు. “నాన్నా, లెగు. లెగు నాన్నా. అది కాదు” అన్నాడు. వాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. అబూ హమద్ కొడుకులు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఆయన డేగను కొడుకు చేతికిచ్చి, “క్యా గల్తీ బాబా? కౌన్సా ఫీజు?” అన్నాడు. నేను మళ్ళీ చెప్పాను. చెబుతుంటే ఆయన కళ్ళు చిన్నవయ్యాయి, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత తలగుడ్డ జారిపోయేలా నవ్వాడు. నవ్వి నవ్వి బండి చక్రానికి ఆనుకుని ఇసుకలో కూర్చుండిపోయాడు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“బాబా, మీ మాఫీ వేరు, మా మాఫీ వేరు. మా భాషలో ఫీ అంటే ఉంది. మాఫీ అంటే లేదు. మీ కొడుకు క్షమించమనడం లేదు. ఇక్కడ పిట్ట లేదు అంటున్నాడు.”

నా ముఖం ఎక్కడ పెట్టుకోను? “లేదు అంటే మీకు కోపం రాదా సాబ్?” అన్నాను.

అప్పుడు ఆయన చెప్పిన మాటలు నేను చచ్చేదాకా మరచిపోను. నాకు అర్థమైనంత రాస్తున్నాను. “చిన్నప్పటి నుంచి మా నాన్న వెంట తిరిగినవాణ్ణి. కొత్తగా వేటకు వచ్చినవాడికి పిట్ట కావాలి. వాడికి ఫీ ఫీ అని చెప్పే గైడు కావాలి. ఉంది, ఉంది, ఆ దిబ్బ వెనక ఉంది అంటూ పొద్దుగూకేదాకా తిప్పుతాడు. నేను ఆ తిరుగుడు చాలా తిరిగాను. నా డేగ అలిసిపోయింది, నేను అలిసిపోయాను, ఆ గైడు నోరు మాత్రం అలిసిపోలేదు. నాకు కావలసింది లేనిచోట లేదు అని చెప్పేవాడు. వాడు ఉంది అన్న రోజున నేను కళ్ళు మూసుకుని డేగ టోపీ తీస్తాను.” ఇంతా చెప్పి మనవాడి వైపు తిరిగి, “యల్లా రతన్, నీకు తోచిన వైపు పోనీ. ఆ డబ్బా కట్టెయ్” అన్నాడు. డబ్బా అంటే ముదీర్ అరిచే వైర్‌లెస్. అబ్బాయి జంకాడు. ఆయనే చెయ్యి చాచి కట్టేశాడు.

ఆ తర్వాత వాడు చేసిన పని చూస్తుంటే, వీడు నా కొడుకేనా అనిపించింది. ఇసుక మీద సన్నని గీతలుంటాయి, రాత్రిపూట పురుగులు నడిచినవి. ఆ గీత పక్షి అడుగు మీదుగా పోతే అడుగు పాతది, నిన్నటిది. పక్షి అడుగు ఆ గీతను తొక్కితే అది పొద్దుటిది. ఇది వాడు నాకు సాయంత్రం అడగ్గా అడగ్గా చెప్పాడు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, “మన చెరువు గట్టు మీదే నాన్నా” అన్నాడు. నిజమే అక్కా. నేను చేపల చెరువు కాపలాకు ఉన్నప్పుడు రేకు డబ్బా వాయించి కొంగల్నీ నీటికాకుల్నీ తోలేవాడిని. వీడు డబ్బా ముట్టుకునేవాడు కాదు. గట్టు బురద చూసి, ఇవాళ గూడబాతు వచ్చింది నాన్నా, రెండొచ్చాయి, అనేవాడు. సోమరిపోతు అని తిట్టేవాణ్ణి. నేను తిట్టిన ఆ పనే వాడికి ఇక్కడ అన్నం పెడుతోంది.

పొద్దెక్కాక ఒక చోట బండి ఆపి ఇంజను కట్టేశాడు. గాలికి ఎదురుగా, ఎండ వీపుకు తగిలేలా. వాడికి పిట్ట కనపడిందని నాకు వాడి మెడ చూస్తేనే తెలిసింది. కానీ అదిగో అనలేదు, వేలు చూపించలేదు. అరవనూ లేదు. నెమ్మదిగా “ఫీ” అని, తలకాయ పక్కకు తిప్పి కిటికీలోంచి వేరే వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు ప్రాణం లాగేస్తోంది, చూపించరా వెధవా అని లోపల అనుకుంటున్నాను. అబూ హమద్ తన కళ్ళతో తానే వెతుక్కున్నాడు. ఆ ముసలాయన కంటికి అది దొరికిన క్షణాన ఆయన ముఖం చూడాలి అక్కా! పదేళ్ళ పిల్లవాడి ముఖం. డేగ టోపీ తీశాడు. అది గాలికి ఎదురెక్కి, గిరుక్కున తిరిగి, రాయిలా పడింది. ఆ పూటకు ఒక్కటే. ఇంకోటి ఉందేమో చూద్దామా అని కొడుకు అడిగితే, ఆయన మనవాణ్ణి చూశాడు. మనవాడు డేగను చూసి, “బస్” అన్నాడు, ఇక చాలు అని. దాని నోరు తెరుచుకుని ఉంది, అలిసింది. ఆయన తృప్తిగా తలూపి టీ పెట్టమన్నాడు.

టీ వాళ్ళే పెట్టారు, నాకు మొదటి గ్లాసు ఇచ్చారు. నేను తాగుతూ, “సాబ్, వాడే ముందు చూశాడు కదా, మీకు చూపించొచ్చు కదా” అన్నాను. ఆయన నవ్వి, “బాబా, అన్నం ఎవరైనా వడ్డిస్తారు. నమిలి పెడితే తింటామా?” అన్నాడు.

ఇంతటితో అయిపోతే ఈ ఉత్తరం ఇంత పొడుగు ఉండేది కాదు. రెండో రోజు అసలు గండం వచ్చింది.

ఆ రోజు డేగ ఒక పిట్ట వెంటపడి దిబ్బ అవతలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. డేగ కాలికి కట్టే చిన్న యంత్రం ఉంటుంది, అది ఎక్కడుందో చెబుతుంది. ఆ యంత్రం మూగబోయింది. అబూ హమద్ ముఖంలో రక్తం లేదు. కొడుకులు బళ్ళేసుకుని నాలుగు వైపులా పోదామంటున్నారు. ముదీర్ వచ్చి, “భోజనం వేళయింది, మీరు గుడారానికి పదండి, మా మనుషులు వెతుకుతారు” అంటున్నాడు. అబ్బాయి చెయ్యెత్తి, “గాడీ బంద్. సబ్ చుప్” అన్నాడు. అంతే. అంత పెద్దవాళ్ళ మధ్య మా వాడు! అందరూ ఆగారు. ఇంజన్లు ఆగాయి. ఏమీ వినపడదు, ఇసుక మీద గాలి తప్ప. వాడు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి ఎక్కడో ఒక కాకి అరిచింది. తర్వాత ఇంకొకటి. వాడు కళ్ళు తెరిచి అటు నడవడం మొదలుపెట్టాడు. నాకూ తెలుసు ఆ సంగతి, కొల్లేట్లో పుట్టిన ఎవడికైనా తెలుసు. గద్ద నేల మీద కూర్చుంటే కాకి ఊరుకోదు.

దిబ్బ పైదాకా నేనూ ఈడ్చుకుంటూ ఎక్కాను. అవతల ఒక చెట్టు ఉంది, ఇక్కడ గాఫ్ అంటారు, మన జమ్మి చెట్టే అది. దాని కింద డేగ పడి ఉంది. ప్రాణాలతోనే ఉంది. హుబారాకు దేవుడు ఒక ఆయుధం ఇచ్చాడు అక్కా. తరుముకొచ్చిన డేగ మీద జిగురు లాంటి రెట్ట కొడుతుంది. రెక్కలు అంటుకుపోయి డేగ ఎగరలేదు. అబ్బాయి దానికి పది గజాల దూరంలో ఆగిపోయాడు. నెమ్మదిగా కూర్చున్నాడు. దాని వైపు సూటిగా చూడకుండా పక్కకు తిరిగి కూర్చున్నాడు. నడుముకున్న వైర్‌లెస్‌లో చోటు చెప్పాడు.

ముదీర్ వెంటనే, “పట్టుకుని తీసుకురా! అతిథులు ఎండలో నడవాలా?” అన్నాడు.

“లా” అన్నాడు మనవాడు. లా అంటే కాదు, చెయ్యను అని.

“రతన్, నేను చెబుతున్నా, పట్టుకో!”

“లా, ముదీర్. ఆయనే రావాలి.”

నిన్న మాఫీ, ఇవాళ లా. ఈ రెండు మాటలతో వీడి ఉద్యోగం గంగలో కలుస్తుందనుకున్నాను. “ఒరేయ్, ఆ పిట్టను పట్టుకుంటే నీ సొమ్మేం పోయిందిరా?” అన్నాను గొణుగుతూ. వాడు నా వైపు తిరగకుండా, “అది ఆయన చెయ్యి తప్ప ఎరగదు నాన్నా. నేను పడితే బెదిరి కొట్టుకుంటది, ఈకలిరుగుతయ్. రేపట్నుంచి చెయ్యంటేనే భయపడుద్ది” అన్నాడు. ఆ ఎండలో మేమిద్దరం అలాగే కూర్చున్నాం. నేను ఇరవై మూడో కీర్తన ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు.

అబూ హమద్ కాలినడకన వచ్చాడు. ఆయన వెనక ఆయాసపడుతూ ముదీర్. ఆయన మమ్మల్ని చూశాడు, డేగను చూశాడు, మధ్యలో ఉన్న ఖాళీ ఇసుకను చూశాడు. ఆ ఇసుక మీద ఒక్క అడుగు లేదు. ఆయనకు అంతా అర్థమైంది. పోయి మోకాళ్ళ మీద కూర్చుని, ఏదో మెల్లగా పలుకుతూ చెయ్యి చాపాడు. డేగ తానుగా ఆయన చేతి మీదికి ఎక్కింది.

ముదీర్ ఏదో సంజాయిషీ మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి అరబ్బీలో నాలుగు మాటలన్నాడు. ముదీర్ తల దించుకున్నాడు. ఏమన్నాడని ఆయన కొడుకును అడిగితే హిందీలో చెప్పాడు: “నీ దగ్గర ఇంతకాలం గైడ్లు పనిచేశారు. మనిషి ఒకడు ఇప్పుడు దొరికాడు.”

గుడారంలో గోరువెచ్చని నీళ్ళతో డేగ రెక్కలు కడిగారు. ఒక్కొక్క ఈక, ఒక్కొక్క ఈక. మనవాడు నీళ్ళు పోస్తుంటే ఆయన వేళ్ళతో తుడిచాడు. అంతా అయ్యాక తన చేతికున్న మందపాటి తొడుగు తీసి మనవాడి చేతికి తానే తొడిగి, డేగను వాడి చేతి మీద పెట్టాడు. టోపీ లేకుండా! అది వాణ్ణి చూసింది, వాడు దాన్ని చూశాడు. వాడి చెయ్యి కదల్లేదు. నేను పక్కన గ్లాసు పట్టుకుని ఉన్నాను, ఆ టీ అంతా నా చొక్కా మీదే పోసుకున్నాను.

మూడో రోజు వాళ్ళు వెళ్ళిపోయాక ముదీర్ వచ్చి అబ్బాయి పాస్‌పోర్టు అడిగాడు. నేను సిలువ గుర్తు వేసుకున్నంత పని చేశాను. పంపేస్తున్నాడేమోనని. కాదక్కా! అబూ హమద్ ఈ చలికాలం ఇంకో రెండుసార్లు వస్తాడట, వచ్చే ఏడాదికీ ఇప్పుడే చెప్పి పోయాడట. రతన్ ఉంటేనే వస్తానన్నాడట. వీసా రెండేళ్ళకు రాయిస్తున్నారు, దాని మీద పని పేరు గైడు అని వేస్తారు. ముదీరే మనవాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. అతను చెడ్డవాడేం కాదు పాపం, అతనికీ పైన అరిచేవాళ్ళుంటారు.

సాయంత్రం ఇద్దరం కారులో తిరుగుముఖం పట్టాం. రోడ్డు లైట్లు మొదలయ్యాక వాడే నోరు తెరిచాడు. “నాన్నా, ఇంకెప్పుడూ నా కోసం ఎవరి ముందూ వంగమాక. నేను తప్పు చేస్తే నేనే చెప్పుకుంటా. నువ్వు వంగితే నేను చూళ్ళేను.” వాడు నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నాకు గుర్తు లేదు. నేను సరే అన్నాను. సరే అన్నానే గానీ, అక్కా, అవసరం వస్తే మళ్ళీ వంగుతాను. తండ్రిని గదా. అది వాడితో చెప్పకు.

ఇంటికి రాగానే కోడలికి చెప్పాను. ఆ పిల్ల యూనిఫారం కూడా విప్పకుండా వంటగదిలో మోకరించింది. ఆ తర్వాత ముగ్గురం కలిసి చేపల పులుసు తిన్నాం. చేప రుచి మామూలే, పులుసు మాత్రం అద్భుతంగా ఉంది. నీ మరదలు ఉండి ఉంటే బాగుండును అనిపించింది. అంతకన్నా రాయను, ఆ పిల్ల పైకి చదువుతుంటే నువ్వు ఏడుస్తావు.

నువ్వు చెయ్యవలసినవి: వచ్చే ఆదివారం మన సంఘంలో కృతజ్ఞతా కూడిక పెట్టించు. పాస్టరుగారికి నా వందనాలు చెప్పి, ప్రార్థనలో మనవాడి పేరు చదివేటప్పుడు డ్రైవరు అనవద్దని చెప్పు. వేటకు దారి చూపే గైడు అని చదవమను. కొంచెం గట్టిగా చదవమను. బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు, మన పేటలో పెద్దలందరికీ పేరుపేరునా వందనాలు. అబ్బాయి మీ ఇద్దరి ఆశీర్వాదం అడిగినట్టు రాయమన్నాడు. రాయమన్నాడంటే, రాయనా అని నేనడిగితే తలూపాడు, నీకు తెలుసుగా. నీ చెయ్యి ఇంత దూరం రాదు గనుక, ఈ కాగితం మీద పెట్టి ఒక్క నిమిషం ఉంచు. మాకు అందుతుంది. నూనె మాత్రం రాసుకో.

నీ ప్రార్థనలను నమ్ముకుని ఉన్న నీ తమ్ముడు,
గైడు రత్నరాజు తండ్రి,
దేవసహాయం